పంటి బిగువు, దవడ కీలు

(నల్లగొండలో ఒక ఆదివారం సాయంత్రం ఉపాధ్యాయులు, పెన్షనర్లు, మహిళా సంఘాల సభ్యులు కూర్చున్న సభలో ఒక దంతవైద్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక పని చేద్దాం, తర్వాత మాట్లాడుకుందాం. రెండు చూపుడు వేళ్లూ చెవి రంధ్రాలకు కాస్త ముందు, చెంప మీద ఆనించండి. నోరు మెల్లగా తెరవండి, మూయండి. వేలి కింద ఒక గుబ్బ కదిలి, ముందుకు జారి, మళ్లీ వెనక్కి వచ్చినట్టు తెలుస్తోందా? అదే దవడ కీలు. టక్కుమని చప్పుడు వచ్చినవాళ్లు అప్పుడే భయపడకండి, ఆ సంగతికి వస్తాను.

ఇప్పుడు మూడు వేళ్లు నిలువుగా పేర్చి ముందు పండ్ల మధ్య పెట్టి చూడండి. పట్టాయంటే నోరు బాగానే తెరుచుకుంటున్నట్టు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే పెద్దవాళ్లకు మామూలుగా 40 నుంచి 50 దాకా తెరుచుకుంటుంది. స్కేలు అక్కర్లేదు, ఎవరి వేళ్లు వాళ్ల నోటికి కొలత. రెండు వేళ్లు కూడా పట్టనివాళ్లు ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి.

వేళ్లతో ఎందుకు మొదలుపెట్టానంటే, ఒకప్పుడు నేను ఈ పని చేయకపోవడం వల్ల ఒక మనిషికి అన్యాయం జరిగింది. నేను కొత్తగా క్లినిక్ పెట్టిన రోజులు. దేవరకొండ వైపు నుంచి ఒకామె వచ్చింది, పత్తి ఏరే మనిషి. "చెవుల నొస్తుంది డాక్టరమ్మా, బుక్క నమిలితే చాలు గుంజుతుంది" అన్నది. అంతకుముందే చెవిలో వెచ్చటి నూనె పోయించుకుంది, చెవి డాక్టరుకూ చూపించుకుంది. చెవిలో ఏమీ లేదన్నారట. నేను నోరు తెరిచి చూశాను. వెనక జ్ఞానదంతం మీద చిన్న నల్ల గుంట కనపడింది. దొరికింది కదా అని పీకేశాను. నెల తర్వాత మళ్లీ వచ్చి, "పన్ను పోయింది గానీ నొప్పి పోలే" అని నా ముందు కూర్చుంది. అప్పుడు చెవి ముందు వేలు పెట్టి చూశాను. ఇసుక మీద చెప్పులు రాసినట్టు గరగరమంటోంది. ఆ పన్ను ఆ నొప్పికి పీకాల్సిన పన్ను కాదు. ఆ రోజు నుంచి నా దగ్గరికి ఎవరు ఏ నొప్పితో వచ్చినా, నోరు తెరవమనే ముందు చెవి ముందు వేలు పెడతాను.

ఈ కీలు చెవిని ఆనుకునే ఉంటుంది. చెవి గొట్టానికీ దానికీ మధ్య పలుచని ఎముక గోడ ఒక్కటే. కీలుకు కబురు మోసే నరం చెవి ముందు నుంచే పోతుంది. అందుకే దవడ నొప్పి చెవి నొప్పిలా తోస్తుంది. 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఈ సంబంధాన్ని లోకం దృష్టికి తెచ్చాడు. వెనక పండ్లు ఊడితే దవడ వెనక్కి పోయి చెవిని నొక్కుతుందని ఆయన అనుకున్నాడు. ఆ కారణం తర్వాత నిలబడలేదు. కానీ చెవి డాక్టరు అయ్యుండి చెవిది తప్పు కాదని చెప్పడం చిన్న విషయం కాదు, నాకు ఆయనంటే గౌరవం.

ఇక కీలు కట్టుబడి. కింది దవడ ఎముక చివర గుబ్బలాంటి తల ఉంటుంది. పైన పుర్రెలో దానికి తగ్గ గుంట. ఆ రెంటి నడుమ డిస్క్ అనే చిన్న మెత్త. నల్లాలో వాషర్ ఉంటుంది చూశారా, అట్లాంటిది. మధ్యలో పలుచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. నోరు కొంచెం తెరిచినప్పుడు గుబ్బ ఉన్నచోటనే తిరుగుతుంది. ఇంకా తెరిస్తే గుబ్బా, డిస్కూ కలిసి ముందుకు జారుతాయి. తిరగడం, జారడం రెండూ చేసే కీలు ఇది. ఇంకో విశేషం ఉంది. మోకాళ్లు దేని దారి దానిది, ఒకటి కుంటితే రెండోది మోస్తుంది. దవడ కీళ్లు రెండూ ఒకే ఎముకకు రెండు చివరలు. ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు. కావడికి రెండు వైపులా బరువు ఉన్నట్టే.

మోకాలిలో ఎముకల మీద నున్నగా అద్దంలా మెరిసే మృదులాస్థి ఉంటుంది. దవడ గుబ్బ మీద ఉన్నది వేరు. పైపొర నిండా గట్టి పీచు, నారతాడు పేనినట్టు. లోపలి పొరల్లో నీటిని పట్టుకునే మెత్తటి పదార్థం. ఈ పీచు పొర కింద, అవసరమైతే కొత్త కణాలను పుట్టించే పలుచని పొర ఒకటి దాగి ఉంటుంది. మోకాలికి లేని వరం అది. దవడ కీలు జీవితాంతం తన ఆకారాన్ని కొద్దికొద్దిగా సర్దుకోగలగడం దాని చలవే.

ఈ మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. నరాలు లేవు కాబట్టి అది అరుగుతున్నా మనకు తెలియదు. అరుగుదల కింది ఎముక దాకా పోయినప్పుడో, చుట్టూ ఉన్న పొర వాచినప్పుడో నొప్పి మొదలవుతుంది. రక్తం రాదు కాబట్టి దానికి తిండి ఎట్లా అందుతుంది? కీలులో ఉండే జిగురు ద్రవం నుంచే. ఇరుసుకు కందెన లాంటిది ఆ ద్రవం, కాకపోతే ఈ కందెనలోనే తిండి కూడా ఉంది.

నల్లగొండ మనుషులకు దీన్ని అర్థం చేయించడం సులువు. మనమంతా బోరింగ్ కొట్టి పెరిగినవాళ్లమే. బోరింగ్ చెయ్యి నొక్కుతాం, వదులుతాం, నొక్కుతాం, వదులుతాం. నీళ్లు వస్తాయి. అదే చెయ్యిని కిందికి నొక్కి అట్లనే పట్టుకుని నిలబడితే? బిందె నిండదు. మృదులాస్థి కూడా అంతే. అందులో ముప్పావు వంతు నీరే. నమిలినప్పుడు బరువు పడి పాత నీరు బయటికి పోతుంది. వదలగానే కొత్త ద్రవం తిండితో సహా లోపలికి వస్తుంది. బరువు పడాలి, బరువు దిగాలి. రెండూ జరిగితేనే ఆ కణాలు బతుకుతాయి.

అంటే బరువు శత్రువు కాదు. చాలామంది నన్నడిగే మాట, "మేడం, జొన్న రొట్టె మానేయాలా?" పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లయితే మరీ దిగులుగా అడుగుతారు. మంచిగున్న దవడకు జొన్న రొట్టె వల్ల ఏ నష్టమూ లేదు, ఆ పనికోసమే అది ఉంది. ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. చిన్నప్పటి నుంచీ మెత్తటి పొడి తిండి మాత్రమే పెడితే, గట్టి గింజలు కొరికిన ఎలుకల కంటే వాటి గుబ్బ మీద మృదులాస్థి పలుచబడింది. పని లేని చోట శరీరం సామాను ఉంచదు.

అదే సమయంలో మోయలేని బరువు వేస్తే కూలిపోతుంది. చైనాలోని షియాన్ నగరంలో పరిశోధకులు ఎలుకల ముందు పండ్లకు ఒక వైపు చిన్న లోహపు గొట్టాలు అతికించి, కింది పన్నూ పై పన్నూ అడ్డదిడ్డంగా కలిసేట్టు చేశారు. కొన్ని వారాలకే దవడ గుబ్బ మీద మృదులాస్థి చెడిపోవడం మొదలైంది. సూది గుచ్చలేదు, మందు పెట్టలేదు. బరువు పడే తీరు మారింది, అంతే. ఆ గొట్టాలు తీసేశాక కొంత కోలుకోవడం కూడా కనిపించింది. ఎలుక మనిషి కాదు, నిజమే. మనుషుల్లో పండ్ల వరస వంకరగా ఉన్న ప్రతివాళ్లకూ కీలు పాడవుతుందని దీన్నిబట్టి అనకూడదు. కానీ కీలు బరువును బట్టి మారుతుందని, బరువు తీస్తే ఆ మార్పు కొంత వెనక్కి కూడా వస్తుందని ఆ ఎలుకలు చూపించాయి. నాకు ఆ రెండో ముక్క ముఖ్యం.

ఇంత చిన్న కణానికి బరువు పడిందని ఎట్లా తెలుస్తుంది? దాని గోడలో చిన్న చిన్న తలుపులుంటాయి. ఒత్తిడి పడితే గోడ సాగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, కాల్షియం లోపలికి వస్తుంది. ఆ తలుపులకు పీజో అని పేరు. ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో వాటిని బయటపెట్టింది. ఆయన బీరుట్‌లో పుట్టిన ఆర్మేనియన్, పని చేసేది అమెరికాలో. 2021లో ఆయనకు, డేవిడ్ జూలియస్‌కు కలిపి వైద్యంలో నోబెల్ వచ్చింది. మీ చేతిని ఎవరో తాకారని మీకు తెలియడానికి కారణమైన తలుపులు కూడా ఇదే కుటుంబం. మృదులాస్థి కణాలకూ అవి ఉన్నాయి. తగినంత బరువు పడి దిగుతుంటే కణం పీచును, నీరు పట్టే పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. బరువు మితిమీరితే కాల్షియం వెల్లువలా వచ్చి పడుతుంది, కణం దెబ్బతింటుంది. అప్పుడు అది ఎంఎంపీ-13 వంటి ఎంజైములను వదులుతుంది. అవి కత్తెరల్లాంటివి. తను కట్టుకున్న ఇంటి దూలాలను తనే కోసుకుంటుంది. పీచు తెగుతుంది, నీరు నిలవదు, కుషన్ పలుచబడుతుంది, కింద ఎముక గట్టిపడి అంచుల్లో ముళ్లలా పెరుగుతుంది. దీన్నే ఆస్టియో ఆర్థరైటిస్ అంటాం. మోకాలికి వచ్చేదే దవడకూ వస్తుంది. కానీ మోకాలికి వచ్చిందంటే ఊరంతా తెలుస్తుంది, దవడకు వచ్చిందంటే చెవిలో నూనె పోస్తారు.

మరి దవడకు మితిమీరిన బరువు ఎక్కడి నుంచి వస్తుంది? రొట్టె నుంచి కాదన్నాను. మనకొక మాట ఉంది, పంటి బిగువున ఓర్చుకోవడం. నొప్పినీ, కోపాన్నీ, అవమానాన్నీ పండ్ల మధ్య బిగబట్టి దిగమింగడం. ఆ మాట పుట్టించిన మనిషికి దవడ కండరాల సంగతి బాగా తెలుసు. మామూలు మనిషికి రోజు మొత్తంలో కింది పండ్లూ పై పండ్లూ ఒకదానికొకటి తగిలే సమయం, నమలడం మింగడం అన్నీ కలిపి, ఇరవై నిమిషాలకు అటూ ఇటూ అని లెక్క. మిగతా వేళంతా పెదాలు కలిసి ఉన్నా పండ్లు విడిగా ఉండాలి. ఇప్పుడు మీ పండ్లు ఎట్లా ఉన్నాయో చూసుకోండి. తగిలి ఉంటే వదలండి.

మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీ ఒకాయన నా దగ్గరికి వచ్చేవాడు. దవడ కింద కండరం నిమ్మకాయంత గట్టిగా ఉండేది. "బస్తా లేపేటప్పుడు పండ్లు బిగబడితేనే నడుం నిలబడ్తది మేడం" అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు. బలం పెట్టేటప్పుడు పండ్లు బిగుసుకోవడం సహజం. కానీ రోజుకు వందలసార్లు అట్లా జరిగితే, అది బోరింగ్ చెయ్యిని నొక్కి పట్టుకోవడమే. పోచంపల్లిలో చిటికీలు, అంటే రంగు వేసే ముందు నూలుకు ముడులు, కట్టే ఆడవాళ్లలో కూడా చూశాను. దారం మీద దృష్టి, మెడ వంగి, పండ్లు కరుచుకుని గంటలు గంటలు. ఇక నిద్రలో పండ్లు నూరేవాళ్లు సరేసరి. వాళ్ల పండ్లు పక్కవాళ్లకు వినపడతాయి గాని వాళ్లకు వినపడవు. అప్పులు, కూతురి పెళ్లి, ఇంట్లో తాగుడు, పరీక్షలు. దవడ దగ్గర మొదలైన నా ప్రశ్నలు చాలాసార్లు అక్కడిదాకా పోతాయి. ఆ కష్టాలను నేను తీర్చలేను, దవడ మీద పడే భాగాన్ని తగ్గించగలను.

బిగబట్టినప్పుడు కీలు లోపల ఏం జరుగుతుందో ఇజ్రాయెల్‌కు చెందిన సర్జన్ డోరిట్ నిట్జాన్ 1990ల్లో కొలిచి చూశారు. గట్టిగా పండ్లు బిగిస్తే కొందరిలో లోపలి ఒత్తిడి పాదరసం లెక్కలో 200 మిల్లీమీటర్ల దాకా పోయింది. మీ బీపీ 120 అంటే డాక్టరు సరే అంటాడు కదా, అదే కొలత. అంత ఒత్తిడిలో చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. వదలగానే రక్తం ఒక్కసారిగా దూకుతుంది. ఆ రాకడతో పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే రసాయనాలు కందెనను కోసేస్తాయని ఆమె వివరణ. కందెన పలుచబడితే డిస్కు అతుక్కుంటుంది, జారడం మానుతుంది. ఆ ఆలోచనే ఒక చికిత్సకు దారి తీసింది. 1991లో ఆమె, ఇద్దరు సహచరులు కలిసి, కీలులోకి రెండు సూదులు పెట్టి ఒకదాని నుంచి సెలైన్ పంపి ఇంకోదాని నుంచి బయటికి తీసి కడిగే పద్ధతిని ప్రచురించారు. కోత లేదు. ఇవాళ మన దగ్గర కూడా చేస్తున్నారు. నోరు బిగుసుకున్న చాలామందికి దానితోనే తెరుచుకుంటుంది.

ఒక వైపే నమిలేవాళ్లకు ఒక మాట. కుడివైపు నమిలితే కుడి కీలు అరుగుతుందనుకుంటారు. లెక్క తిరగబడుతుంది. నమిలే వైపు బరువులో కొంత ఆహారమే మోస్తుంది. ఎక్కువ భారం ఎదుటి కీలు మీద పడుతుంది. అందుకే ఎడమ కీలు నొస్తోందని వచ్చిన మనిషికి నేను కుడివైపు పుచ్చిపన్ను కాదు, ఎడమవైపు పుచ్చిపన్ను వెతుకుతాను. ఎడమ పన్ను నొప్పికి భయపడి కుడివైపే నములుతూ ఉంటాడు. ముందు పండ్లతో చెరుకు చీల్చడం, సీసా మూతలు తీయడం కూడా కీలుకు బరువైన పనులే. పండ్లు కీలుకు ఎంత దూరంగా ఉంటే కీలు మీద అంత భారం.

మన జిల్లాలో ఏ కీలు నొచ్చినా ఫ్లోరైడ్ అంటారు. అనడంలో తప్పు లేదు, మన బాధ అటువంటిది. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారు చేసినప్పుడు దానికి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన నడుములను చూసి పెరిగినదాన్ని నేను. కానీ ఫ్లోరైడ్ ఎముకను పట్టుకుంటే ముఖ్యంగా వెన్ను, తుంటి భాగం బిగుసుకుంటాయి. దవడ కీలు నొప్పితో వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కారణం వేరు. అన్నీ ఫ్లోరైడ్ ఖాతాలో వేస్తే నయమయ్యే జబ్బు కూడా నయం కానిదిగా మిగిలిపోతుంది. గుట్కా, వక్కల విషయం ఇంకోటి. వాటివల్ల నోరు మూసుకుపోతే అది కీలుది కాదు, బుగ్గల లోపలి చర్మం తోలులా గట్టిపడటం. కారం తగిలితే మంట పుడుతుంది. అది వేరే జబ్బు, క్యాన్సర్‌కు దారి తీయగలదు, ఆలస్యం చేయకండి. అట్లాగే మెట్లెక్కినప్పుడు దవడ లాగి, దిగగానే తగ్గితే నా దగ్గరికి కాదు, గుండె డాక్టరు దగ్గరికి పోండి.

చప్పుడు సంగతి చెప్తానన్నాను. టక్కుమనే చప్పుడు డిస్క్ కాస్త ముందుకు జరిగి మళ్లీ చోటుకు వచ్చే చప్పుడు. ఎంతోమందికి ఉంటుంది. నొప్పి లేకపోతే, నోరు బాగా తెరుచుకుంటే దానికి వైద్యం అక్కర్లేదు. చప్పుడు వస్తోందని పండ్లు అరగదీయించుకోవద్దు, పీకించుకోవద్దు. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు. గరగరమనే చప్పుడు వేరు, అది అరుగుదల గుర్తు. అప్పుడు కూడా స్కానింగ్ చూసి బెంబేలెత్తకండి. స్కాన్‌లో గుబ్బ చదునైపోయి హాయిగా రొట్టె తినేవాళ్లున్నారు, స్కాన్ శుభ్రంగా ఉండి రాత్రంతా నిద్రపోనివాళ్లున్నారు. చాలామందిలో కొన్నేళ్లకు ఆ మంట చల్లారి, కీలు కొత్త ఆకారానికి అలవాటు పడుతుంది. మన పని ఆ కొన్నేళ్లు దాన్ని కాపాడటం. నొప్పి ఎక్కువున్న వారాల్లో మెత్తటి తిండి, తడి గుడ్డతో కాపడం, ఆవలింత వచ్చినప్పుడు గదవకు చేయి అడ్డం, పగలు పండ్లు విడిగా, రాత్రి కొరికేవాళ్లకు గట్టి ప్లాస్టిక్ తొడుగు. వారాలు గడిచి నొప్పి తగ్గాక మళ్లీ మామూలు తిండికి రావాలి. మెత్తటి తిండికే అలవాటు పడిపోవద్దు. ఎలుకల సంగతి విన్నారు కదా.

ఆ పత్తి ఏరే ఆమెకు చివరికి చేసింది ఇంతే. తొడుగు, కాపడం, వేలితో మర్దన. మూడు నెలల్లో పల్లీలు నమిలింది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. చెప్పమ్మా.

(ఒక మహిళ: మా బాబుకు ఏడేండ్లు, మేడం. పది రోజుల కింద చింతచెట్టు మీదికెల్లి పడ్డడు. గదవకు మూడు కుట్లు పడ్డయి. కుట్లు మానినయ్ గానీ నోరు తెరుస్తలేడు. జావ తాగిస్తున్నం.)

ఎన్ని వేళ్లు పడుతున్నాయి నోట్లో? ఒకటేనా? అమ్మా, నువ్వు అడగడం చాలా మంచిదైంది. గదవ కింద తగిలిన దెబ్బ అక్కడ ఆగదు, ఎముక వెంట పోయి నేరుగా ఆ గుబ్బల మీద పడుతుంది. పిల్లల్లో గుబ్బ విరిగినా పైకి వాపు కూడా కనిపించకపోవచ్చు. కుట్లు వేసినవాళ్లు చూడకపోయి ఉండొచ్చు. ఎక్కువసార్లు ఆపరేషన్ అవసరం పడదు. కానీ కదలకుండా ఊరుకుంటే గుబ్బా, గుంటా కలిసి ఒకే ఎముకగా అతుక్కుపోతాయి. అట్లాంటి పిల్లలను చూశాను. నోరు ఒక వేలు కూడా తెరుచుకోక, గదవ పెరగక, పండ్ల సందులోంచి అన్నం మెతుకులు లోపలికి నెట్టుకునేవాళ్లు. అప్పుడు పెద్ద ఆపరేషనే దిక్కు.

నీ బాబుకు అంతదాకా రాదు, పది రోజులే అయింది. రేపు పొద్దున తొమ్మిదింటికి తీసుకురా. స్కాన్ తీయిద్దాం. కుట్ల చీటీ ఉంటే పట్టుకురా. స్కాన్ చూశాక రోజుకు ఎన్నిసార్లు, ఎంతెంత నోరు తెరిపించాలో నీ చేతనే చేయించి చూపిస్తాను. అందాకా బలవంతంగా తెరవకు, ఆడుకునేటప్పుడు వాడంతట వాడు మాట్లాడనీ, నవ్వనీ. బస్సు దొరక్కపోతే నా నంబరు తీసుకుపో, ఎంత పొద్దెక్కినా వచ్చేదాకా నేను క్లినిక్‌లోనే ఉంటాను.